విజయరాణిని మోసినవాడు

సూరత్ బమ్రోలిలో మన తెలుగువాళ్ళుండే గల్లీల్లో టెన్నిస్ గురించి ఎవరికైనా సందేహం వస్తే పరుశురాం దగ్గరికి వెళ్ళేవారు. అలాంటి సందేహం ఏడాదికోసారి కూడా ఎవరికీ వచ్చేది కాదు, అది వేరే సంగతి. అడిగినా అడక్కపోయినా అతను చెప్పేవాడు. చా బండి దగ్గర, మంగలి దుకాణంలో, పాళీ మారేటప్పుడు కార్ఖానా గేటు ముందు, ఎక్కడ నలుగురు నిలబడితే అక్కడ మొదలుపెట్టేవాడు.

పరుశురాంది జగిత్యాల పక్క పల్లె. మీసాలు రాకముందే మేనమామ వెంట రైలెక్కి సూరత్ వచ్చాడు. పాండేసరలో మరమగ్గాల దగ్గర చేరి, తెగిన దారం అతకడంతో మొదలుపెట్టి, చివరికి ఆగిపోయిన మగ్గాన్ని విప్పి బాగుచేసే మేస్త్రీ అయ్యాడు. ఆ చప్పుడులో బతికి బతికి కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది సగం మిగిలింది. అందుకే ఎవరితో మాట్లాడినా కొట్లాడుతున్నట్టే ఉంటుంది. అలాంటి మనిషికి, చూసేవాళ్ళంతా నోరు మూసుకుని కూర్చోవలసిన ఆట మీద మనసు పడిందని గల్లీ అంతా నవ్వుకునేది.

"క్రికెట్ల జనం ఒర్లుతరు," అనేవాడు. "గీ ఆటల బంతి సప్పుడొక్కటే. గది నా ఎడమ చెవికి గూడ సక్కగ ఇనవడ్తది."

నిజానికి అతనికి ఇష్టం కలిగింది ఆట మీద కాదు, ఆడిన పిల్ల మీద. ఆ పిల్ల పేరు విజయరాణి.

విజయరాణి తండ్రి లింగం కూడా మగ్గం పనివాడే. వేరే కార్ఖానా, వేరే గల్లీ. పరుశురాంకు ముఖం తెలుసు, అంతకు మించి మాటల్లేవు. తల్లి వజ్రమ్మ హజీరాలో ఒక కంపెనీ టౌన్‌షిప్‌లో, ఉషాదేవి అనే ఇంజనీరుగారి భార్య ఇంట్లో వంట చేసేది. బడి లేని రోజుల్లో కూతురిని వెంట తీసుకుపోయేది. టౌన్‌షిప్‌లో టెన్నిస్ కోర్టు ఉంది. ఒక ఎండాకాలం ఉషాదేవికి ఆడే తోడు దొరక్క ఈ పిల్ల చేతికి పాత ర్యాకెట్ ఇచ్చి అవతలి వైపు నిలబెట్టింది. వానలు పడేనాటికి ఆ పిల్ల తిప్పికొట్టే బంతి ఉషాదేవికి అందడం మానేసింది. ఆమే పూనుకుని శిక్షణలో చేర్పించింది, పోటీలకు ఊళ్ళు తిప్పింది.

పదహారు నిండేసరికి విజయరాణి పెద్దవాళ్ళ పోటీల్లో గెలిచి రాష్ట్ర ఛాంపియన్ అయింది. గుజరాతీ పేపర్లో ఫోటో వేశారు. గుజరాతీ చదవడం రాని ఇళ్ళల్లో కూడా ఆ ముక్క కత్తిరించి గోడకు అంటించుకున్నారు. డప్పులు కొట్టించి గల్లీ అంతా ఊరేగించారు. ఆ పిల్ల కనబడితే ఆడవాళ్ళు ఆపి మెటికలు విరిచేవారు.

అన్ని మెటికలు విరిచినా ఆ ఒంటికి ఏదో ఒకటి తగులుతూనే ఉంది. ముందు మణికట్టు. అది కుదుటపడేలోపు భుజం. భుజానికి కత్తి పెట్టించుకుని, ఏడాదికి పైగా ఇంట్లో ఉండి, మళ్ళీ దిగి మళ్ళీ గెలవడం మొదలుపెట్టింది. వడోదరలో దేశస్థాయి పోటీ ఒకదానిలో ఫైనల్ దాకా వెళ్ళింది. ఆ ఫైనల్ చూడ్డానికి బమ్రోలి నుంచి టెంపో నిండా మనుషులు పోయారు. అందులో పరుశురాం ఉన్నాడు.

ఆ రోజు జరిగింది ఇదీ. మొదటి సెట్ విజయరాణి గెలిచింది. రెండో సెట్లో ఒక బంతి కోసం అడ్డంగా పరుగెత్తి ఆగబోతే పాదం ఆగింది, మోకాలు ఆగలేదు. పడింది. లేచి ఒక పాయింట్ ఆడి మళ్ళీ పడింది. స్ట్రెచర్ ఎక్కడుందో తెలియక నిర్వాహకులు అటూ ఇటూ ఉరుకుతుంటే, లింగం కోర్టులోకి దిగి కూతురిని రెండు చేతుల మీద ఎత్తుకుని బయట ఆగి ఉన్న కారు దాకా మోసుకొచ్చాడు. కారు పక్కన నిలబడిన పరుశురాం తలుపు తెరిచి పట్టుకున్నాడు. అతను చేసింది అంతే.

తిరిగొచ్చాక అడిగిన వాళ్ళకు మొదట్లో ఉన్నదున్నట్టే చెప్పాడు. కొన్నాళ్ళకు "కార్ల ఎక్కిచ్చినం" అన్నాడు. ఇంకొన్నాళ్ళకు "నేను, లింగం చెరో దిక్కు పట్టుకున్నం" అయింది. అది విన్నవాళ్ళ కళ్ళు పెద్దవవుతుంటే అతనికి హాయిగా ఉండేది. టెంపోలో పోయిన వాళ్ళు ఒక్కొక్కరే ఊళ్ళకు మళ్ళారు, కొందరు మగ్గాల పనికే భివండి వెళ్ళిపోయారు. లింగం కుటుంబం ఇల్లు మారి సూరత్‌లోనే పర్వత్ పాటియా వైపు పోయింది. కరోనా ఏడాది లింగం చనిపోయాడు. ఆ కబురు తెలిశాక కథలోంచి కూడా లింగం వెళ్ళిపోయాడు.

"కంచె దునికిన," అని చెప్పేవాడు పరుశురాం. "ఒక్క ఉరుకుల పొయ్యి పిల్లను ఎత్తుకున్న. గంత నొప్పిల గూడ 'కాకా, నా ర్యాకెట్' అన్నది నాతోని."

చెబుతుంటే అతని కళ్ళలో తిరిగే నీళ్ళు దొంగనీళ్ళు కావు. అన్నిసార్లు చెప్పాక అతనికే అది జరిగినట్టు ఉండేది.

విజయరాణి మోకాలికి రెండు ఆపరేషన్లు చేయించుకుని మళ్ళీ ఆడబోయింది. మళ్ళీ భుజం ఎదురుతిరిగింది. ఇరవై అయిదు దాటకుండానే ఆట ముగిసింది. పేపర్లు మరిచాయి, గల్లీ మరిచింది. ఆమె పేరు తలిచే మనిషి పరుశురాం ఒక్కడే మిగిలాడు. ఎప్పుడు తలిచినా తాను ఎత్తుకుని మోసిన పిల్లగానే తలిచాడు.

మొన్నటి చలికాలంలో సాయిచరణ్ కంప్యూటర్లో ఒక పాత వీడియో దొరికింది. సాయిచరణ్, చీరల దుకాణం నడిపే రాజమౌళి కొడుకు, సూరత్‌లోనే పుట్టి పెరిగి సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నవాడు. రాజమౌళి మన తెలుగు సంఘానికి అధ్యక్షుడు. వడోదర ఫైనల్‌ను ఎవరో చిన్న కెమెరాతో తీసి ఎక్కడో పెట్టారు. సాయిచరణ్ దాన్ని సంఘం వాట్సాప్ గుంపులో పెట్టాడు. పరుశురాం చా బండి దగ్గరే నిలబడి ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. పిల్ల పడే చోటు ఇప్పుడొస్తుందా, ఇప్పుడొస్తుందా అని చూశాడు. వీడియో మొదటి సెట్‌తో ఆగిపోయింది. అతను ఊపిరి వదిలాడు. వదిలాక, ఎందుకు భయపడ్డానా అని తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ అసహ్యం చా తాగేసరికి పోయింది.

వీడియో చూసి గుంపులో అందరికీ విజయరాణి గుర్తొచ్చింది. నేనామె సర్వీసు చూశానని ఒకరు, మా అమ్మాయి ఆమెతో చదివిందని ఒకరు. పిలిచి సన్మానం చేద్దామన్నాడు రాజమౌళి. తీసుకొచ్చే పని ఎవరికివ్వాలో ఎవరూ ఆలోచించలేదు.

"ఇంకెవ్వరు? మన పరుశురాం కాక," అన్నాడు సాయిచరణ్. "ఆమెను చేతుల మీద మోసినోడు. తమే తో హీరో ఛో, కాకా! నువ్వే హీరో!"

పరుశురాం కాదనలేకపోయాడు.

విజయరాణి ఇల్లు పర్వత్ పాటియాలో ఒక అపార్టుమెంటు మొదటి అంతస్తులో. తలుపు తీసిన ఆమెను చూసి అతను ఒక్క క్షణం పోల్చుకోలేదు. ఒళ్ళు వచ్చింది. జుట్టు ముందువైపు నెరిసింది. నడుస్తుంటే ఒక కాలు ముందు పోయి రెండోది దాన్ని తీసుకొచ్చి కలిపినట్టుంది. ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరుగా పనిచేస్తోంది.

"ఎవరు కాకా మీరు?" అని అడిగింది.

ఆ ప్రశ్న వస్తుందని దారంతా అనుకుంటూనే వచ్చాడు. అయినా చెంప మీద తగిలినట్టయింది.

"బమ్రోలి నుంచి బిడ్డా. సంఘం పంపింది. పరుశురాం నా పేరు."

ఆ పేరు ఆమె ఎప్పుడూ విన్నట్టు లేదు. కూర్చోమంది. సన్మానం మాట వినగానే తల అడ్డంగా ఊపింది. "వద్దు కాకా. బడిల పిల్లలకు గూడ నేను ఆడిన అని చెప్పలె. చెప్తె ఆడి చూపియ్యమంటరు."

లోపలి నుంచి వజ్రమ్మ వచ్చింది. సన్నగా, నిటారుగా ఉన్న మనిషి. విషయం విని కూతురి పక్కన నిలబడి, "పోదాం బిడ్డా. మీ బాపు ఉంటె ఎంత సంబురపడుతుండె," అంది.

గోడ మీద లింగం ఫోటో ఉంది, దండ వేసి. పరుశురాం వచ్చినప్పటి నుంచి అటు చూడకుండా కూర్చున్నాడు. ఇప్పుడు కూడా చూడలేదు. ఇచ్చిన చా సగం తాగి లేచాడు.

సన్మానానికి ముందు రోజు సాయిచరణ్‌కు ఫోన్ చేశాడు. "రేపు నా ముచ్చట జెప్పకు బేటా. ఆ పిల్ల గురించి చెప్తె చాలు," అన్నాడు.

"ఏంది కాకా, షరమ్ పడ్తున్నవా?" అని నవ్వాడు సాయిచరణ్. "గట్లెట్ల ఇడిచిపెడ్తం?"

ఒక్క మాట చాలు. మోసింది నేను కాదు అంటే చాలు. ఆ మాట నోటి దాకా వచ్చింది. పరుశురాం, "సరె తియ్ బేటా," అని ఫోన్ పెట్టేశాడు.

హాలు నిండింది. మార్కెట్లలో చీరలు మడతపెట్టేవాళ్ళు, మగ్గాల వాళ్ళు, కొత్తగా వచ్చిన తెలుగు డాక్టర్లు, పిల్లాపాపలతో కుటుంబాలు. వేదిక మీద విజయరాణిని పెద్ద కుర్చీలో కూర్చోబెట్టారు. ముందు వరసలో వజ్రమ్మ. తెర మీద పాత వీడియో వేశారు. ఒక సన్నటి పిల్ల ఎగిరి సర్వీసు చేస్తుంటే హాలంతా చప్పట్లు కొట్టింది. విజయరాణి తెర వైపు చూడలేదు, ఒళ్ళో చేతులు చూసుకుంది.

ఒక్కొక్కరే మైకు దగ్గరికి వచ్చి గుర్తు చేసుకున్నారు. ఎవరు మాట్లాడినా చివరికి ఒక్కచోటికే వచ్చారు. "ఆ మోకాలు పోకుంటెనా..." అన్నాడొకడు. "ఆ భుజం సక్కగుంటె ఎక్కడికో పోతుండె," అన్నాడు ఇంకొకడు. ఒక డాక్టరు, ఇప్పుడైతే మంచి ఆపరేషన్లు వచ్చాయనీ, అప్పుడు సరిగ్గా చూపించుకుని ఉంటే బాగుండేదనీ అన్నాడు. ప్రేమతోనే అన్నారందరూ. కానీ వింటుంటే, ఆమె ఏదో పోగొట్టుకుని వచ్చినట్టూ, ఎక్కడ పారేశావని వీళ్ళంతా అడుగుతున్నట్టూ ఉంది. మాట్లాడమంటే లేచి, "మీరందరు యాదికి ఉంచుకున్నందుకు సంతోషం. నేను ఇంకా గెలవాల్సింది. మాఫ్ చెయ్యున్రి," అని కూర్చుంది. దానికి కూడా చప్పట్లు కొట్టారు.

అప్పుడు సాయిచరణ్ మైకు తీసుకున్నాడు. వడోదర కోర్టు, పడిపోయిన పిల్ల, ఎవరికీ దిక్కుతోచని ఆ క్షణం. కథ చెప్పడం వాడికి బాగా వచ్చు. "అప్పుడు ఒక మగ్గం కార్మికుడు కంచె దునికిండు," అన్నాడు. "సొంత బిడ్డ కాదు. చుట్టం గాదు. మన బిడ్డ అనుకున్నడు. చేతుల మీద ఎత్తుకోని మోసిండు. ఆయన ఈడనే ఉన్నడు. పరుశురాం కాకా, స్టేజి మీదికి రా!"

హాలు లేచి నిలబడింది. కుర్చీలోనే ఉండిపోయిన పరుశురాంను పక్కవాళ్ళు రెక్కలు పట్టి లేపి ముందుకు తోశారు. వేదిక మెట్లు ఎక్కుతూ ఒక్కసారి ముందు వరస వైపు చూశాడు. వజ్రమ్మ అతన్నే చూస్తోంది. ఆ ముఖంలో కోపం లేదు. ఏదో తప్పుగా విన్నానేమో అని మళ్ళీ వినడానికి ప్రయత్నిస్తున్న ముఖం.

"కాకకు శాలువ మీ చేతులతోనే కప్పాలె," అన్నాడు సాయిచరణ్.

విజయరాణి కుర్చీ చేయి పట్టుకుని లేచింది. శాలువా అందుకుంది. అతని ముఖంలోకి చూసింది. ఇంటికి వచ్చిన మనిషి, సగం చా వదిలేసిన మనిషి, ఎందుకలా ఉన్నాడో ఇప్పుడు ఆమెకు అర్థమైందని పరుశురాంకు తెలిసింది. ఇప్పుడు అంటుంది అనుకున్నాడు. అనాలనే కోరుకున్నాడు. ఆమె చేతులు ఎత్తబోయింది, కుడి చేయి ఎద దాటి పైకి లేవలేదు. శాలువా అతని భుజాల దాకా అందలేదు. పరుశురాం నడుము వంచి తల బాగా కిందికి దించవలసి వచ్చింది. ఎంత వినయమో చూడండని ఎవరో అన్నారు. ఆమె శాలువా వేసి చేతులు జోడించింది.

అతను తల ఎత్తేసరికి ముందు వరసలో వజ్రమ్మ కుర్చీ ఖాళీగా ఉంది. ఆనందం పట్టలేక ఏడుస్తూ బయటికి పోయిందన్నారు.

ఇంటికి వచ్చి శాలువా మంచం మీద పడేసి కూర్చున్నాడు. భార్య నర్సవ్వ దాన్ని తీసి మడత పెట్టింది. హాలులో ఆమె కూడా ఉంది.

"నేను మొయ్యలేదే," అన్నాడు పరుశురాం.

"తెల్సు," అంది నర్సవ్వ.

అతను తలెత్తాడు.

"టెంపోల నీ పక్కన కూసున్నది మా తమ్ముడే గద. ఆయేడే చెప్పిండు, బావ కారు డోర్ పట్టుకున్నడు అని."

"మరి గిన్నేండ్లు ఎందుకు ఊకున్నవ్?"

"నువ్వు గది చెప్పేటప్పుడు మస్తు సంబురంగ ఉంటుంటివి. పొద్దంత మగ్గాల కింద పండేటోనికి గింత సంబురం ఉంటె ఏమాయె అనుకున్న." శాలువా సందుగలో పెట్టి మూత వేసింది. "లింగమన్న పోయినంక గూడ చెప్తివి. అప్పుడన్న అడగాల్సింది నేను. నాకు గూడ సిగ్గయితుంది."

అన్నేళ్ళూ అబద్ధం చెప్పింది వీధికి అనుకున్నాడు. తన ఇంట్లో, తన పక్కనే ఒక మనిషి అది అబద్ధమని తెలిసి అన్నం వడ్డిస్తూ వచ్చిందన్నమాట. ఆ పూట అన్నం ముందు కూర్చోలేకపోయాడు.

మూడో నాడు పర్వత్ పాటియా పోయాడు. విజయరాణి అప్పుడే బడి నుంచి వచ్చి, ఎత్తు కుర్చీలో కాలు చాపుకుని మోకాలికి గట్టిగా పట్టీ చుట్టుకుంటోంది. లోపలికి రమ్మంది. అతను గడప దగ్గరే నిలబడ్డాడు.

"అబద్ధం జెప్పిన బిడ్డా. నిన్ను మోసింది నేను గాదు."

"నాకు చెప్పుడెందుకు కాకా?" అంది ఆమె పట్టీ చుట్టడం ఆపకుండా. "నన్ను మోసింది మా బాపు. నాకు తెల్వదా?"

"మరి ఆడ ఎందుకు అనలే?"

"అంత మంది ముంగట మీ ఇజ్జత్ పోతదని. మా బాపు ఉంటె మీ అంతనే ఉంటుండె."

పరుశురాంకు ఆ మాట కన్నా తిట్టు నయమనిపించింది.

"మాఫ్ చెయ్ బిడ్డా," అన్నాడు.

ఆమె పట్టీ చివర బిగించి, అప్పుడు తలెత్తి చూసింది. "అందరు గా ఒక్కనాటి సంగతే అడుగుతరు. మోకాలు పోయిన దినం. మణికట్టు ఇరిగినప్పుడు పల్లెం పట్టుకోని తినిపిచ్చిండు మా బాపు. భుజం ఆపరేషన్ అయితె జడ ఎయ్య నేర్చుకున్నడు. అవ్వ పనికి పోతది గద మరి. నేను ఆడింది తక్కువ కాకా, పండుకున్నది ఎక్కువ. గన్నేండ్లు మోసిండు ఆయన. మీరు ఒక్కనాడు మోసిన అన్నరు. గా ఒక్కనాడు గూడ ఆయనకు ఉండనియ్యలె."

పరుశురాం చేతులు జోడించి నిలబడ్డాడు.

"హాలు నిండ జనానికి చెప్పిన్రు. ఇంటికచ్చి నా ఒక్కదానికి కాదంటె ఏమైతది? పోన్రి కాకా. అవ్వ బజారుకు పోయింది, అచ్చే యాళ్లయింది," అంది.

తర్వాతి ఆదివారం సంఘం మీటింగులో, లెక్కా పత్రం అయ్యాక, పరుశురాం లేచి నిలబడ్డాడు. మైకు అక్కర్లేని గొంతు. అయినా ఆ రోజు ఆ గొంతు ఎవరికీ సరిగ్గా వినబడలేదు. గట్టిగా చెప్పు కాకా అని వెనక నుంచి అరిచారు. రెండోసారి చెప్పవలసి వచ్చింది. "మోసింది నేను గాదు. ఆ పిల్ల తండ్రి. నేను కారు తలుపు పట్టుకున్న. గంతే."

ఎవడో కిసుక్కున నవ్వాడు. రాజమౌళి సర్దబోయాడు. "పోనియ్ తియ్. ఎవరు మోస్తె ఏంది, పిల్ల దవఖానకు పోయింది గద." ఒక ముసలాయన లేచి తన కుర్చీ ఇంకో వరసలో వేసుకున్నాడు. సాయిచరణ్ ముఖం ఎర్రబడింది. "కాకా, నేను సన్మానం వీడియో మొత్తం పెట్టిన. కరీంనగర్ దాక పోయింది. ఇప్పుడు తీసేస్తె ఏం లాభం? మీరు నాకొక్క మాట చెప్తె అయిపోతుండె గద," అన్నాడు. కోపం కన్నా నొచ్చుకోవడం ఎక్కువుంది ఆ మాటలో. మరునాడు వాడు వీడియో తీసేశాడు. అప్పటికే ఎవరెవరి ఫోన్లలోనో చేరిపోయింది.

కార్ఖానాలో 'మోసిన కాక' అని పేరు పెట్టారు. మోసిన అన్నప్పుడు మోతా, మోసమూ రెండూ వినబడేలా నొక్కి పలికేవారు. అతను చా బండి దగ్గర ఆగడం మానేశాడు. టెన్నిస్ మాట ఎత్తడం మానేశాడు. మగ్గం కింద పడుకుని మర బిగిస్తుండగా ఒక్కోసారి ఏ కారణమూ లేకుండా ఆ శాలువా గుర్తొచ్చి, ఒంటరిగా ఉండి కూడా ముఖం పక్కకు తిప్పుకునేవాడు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం వజ్రమ్మ బమ్రోలి వచ్చింది. ఇల్లు అడుగుతూ అడుగుతూ వచ్చింది. నర్సవ్వ పీట వేసి నీళ్ళిచ్చింది. పరుశురాం గోడకు ఆనుకుని నిలబడ్డాడు, తిట్టించుకోవడానికి సిద్ధపడి.

"నువ్వు నిజంగనె ఆడ ఉన్నవట గద తమ్మీ," అంది వజ్రమ్మ.

"ఉన్న అక్కా."

"నేను లేకుంటి. ఉషమ్మ ఇంట్ల చుట్టాలు దిగిన్రు, పనికి పోయిన. ఇంటికచ్చినంక ఆయనను అడిగితె, 'ఎత్తుకున్న, కార్ల ఏసిన' అన్నడు. గంతే. ఎక్కువ మాట్లాడే మనిషి గాదు. బిడ్డకు నొప్పిల ఏం తెల్వదు." నీళ్ళ గ్లాసు కింద పెట్టింది. "నువ్వు చూసినవ్. ఎట్ల ఎత్తుకున్నడో, ఎట్ల నడిచిండో చెప్పు. ఇందామని అచ్చిన."

పరుశురాం నోరు తెరిచాడు. కళ్ళ ముందు కోర్టు వచ్చింది, పడిన పిల్ల వచ్చింది. కంచె దూకి పరుగెత్తుతున్న మనిషి వచ్చాడు. ఆ మనిషి తనే. లింగాన్ని అక్కడ నిలబెట్టాలని చూశాడు, నిలబడలేదు. ఏ రంగు అంగీ వేసుకున్నాడో తెలియలేదు. ఏడుస్తున్నాడో లేదో తెలియలేదు. అన్నేళ్ళు తుడిచి తుడిచి తన బొమ్మ గీసుకున్న చోట కింద ఇంకేమీ మిగల్లేదు.

"కనవడ్తలేడు అక్కా," అన్నాడు. "ఎన్నిసార్లు చెప్పిన్నో, నన్నే పెట్టి చెప్పిన. ఇప్పుడు జూస్తె నేనే కనవడ్తున్న. ఆయన కనవడ్తలేడు."

ఏదైనా అందంగా కల్పించి చెప్పవచ్చు. ఆమె నమ్ముతుంది. అది అతనికి ఎంత సులువో అతనికే తెలుసు. నోరు గట్టిగా మూసుకున్నాడు.

వజ్రమ్మ లేవలేదు. అలాగే కూర్చుంది. చాలాసేపటికి అతనికి కారు తలుపు గుర్తొచ్చింది, చేతికి తగిలిన వేడి. ఎండలో కాలిన ఇనుము. ఆ వేడి మాత్రం నిజం. ఎప్పుడూ ఎవరికీ చెప్పనిది, అందుకే పాడు కానిది. దాన్ని పట్టుకుని మెల్లగా వెతికాడు.

"తలుపు తీసినంక..." అన్నాడు. "లోపల పండవెట్టనీకె వంగిండు. 'తలకాయ పైలం బిడ్డా' అన్నడు. ఆమె తలకాయకు చెయ్యి అడ్డం పెట్టిండు. లేసేటప్పుడు ఆయన తలకాయే పైకి తాకింది, కారు అంచుకు. టప్పుమన్నది. ఆయనకు సోయి గూడ లేదు."

"గట్టిగ తాకిందా?"

"గట్టిగనే తాకింది అక్కా. నాకు ఇనవడ్డది."

వజ్రమ్మ చేయి తన నుదుటి పక్కకు పోయింది. "ఈడ బొప్పి కట్టి ఉండె," అంది నెమ్మదిగా. "ఏందయ్యా అంటె, మగ్గం తాకింది అన్నడు."

కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఇంకేమైనా ఉందా అని అడిగింది. లేదన్నాడు. ఆమె లేచి, నర్సవ్వతో పోయొస్తానని చెప్పి, అతనితో ఏమీ చెప్పకుండా మెట్లు దిగింది. మాఫ్ చేసిందో లేదో అతనికి తెలియలేదు. అడిగే ముఖం లేదు. బస్సు స్టాపు దాకా తోడు వస్తానని నర్సవ్వ వెంట పోయింది.

ఆ వారంలోనే ఊరి నుంచి అతని చెల్లెలు సారక్క ఫోన్ చేసింది. వీడియో ఊళ్ళోకి కూడా చేరిందట. కులసంఘం వాళ్ళు చూసి, పండుగకు వస్తే అన్నను పిలిచి దండ వేస్తామన్నారట. చెబుతూ చెబుతూ ఆమె ఏడ్చేసింది, సంతోషంతో.

పరుశురాం నిజం చెప్పాడు. ఆమెకు అర్థం కాక మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాడు.

"గట్లనా," అంది సారక్క. ఉన్న ఆ సగం చెవికి ఫోన్ గట్టిగా అదుముకున్నాడు. "మరి నేను ఈళ్ళందరికి చెప్పుకుంటి గద అన్నా. ఇప్పుడు ఏమని జెప్పాలె?"

"ఉన్నదున్నట్టు చెప్పు."

"నాతోని గాదు. నువ్వే చెప్పుకో," అని ఫోన్ ఇంకెవరికో ఇచ్చింది.

ఎవరో కొత్త గొంతు, మగ గొంతు, మర్యాదగా, "చెప్పున్రి పెద్దనాయినా, ఇంటున్న," అంది.

పరుశురాం గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. "ఆ పిల్ల తండ్రి పేరు లింగం," అని మొదలుపెట్టాడు.